ఆ మురికి స్పాంజే మీ తొట్టికి తోడు

పోయిన నెల ఈ పేజీలో చేపల తొట్టి గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. దాదాపు అందరూ 'సార్' అని మొదలుపెట్టారు. నేను సార్‌ను కాదు. నల్లగొండలో ఒక ప్రభుత్వ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. పాఠాలు సార్లు చెప్పేవారు, తొట్లు నేను కడిగేవాణ్ని. కాబట్టి కడగడం గురించి అడిగితే చెప్తాను. చేపల లాటిన్ పేర్లు కావాలంటే మాత్రం సార్లనే అడగండి.

ప్రశ్న: నమస్తే సార్. మా బాబు పుట్టినరోజుకు రెండడుగుల అక్వేరియం కొన్నాం. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. దసరాకు ఇల్లంతా దులిపి కడిగినప్పుడు దాన్ని కూడా కడిగాను. చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లను సబ్బుపొడి నీళ్లలో నానబెట్టి నాలుగుసార్లు కడిగి ఎండబెట్టాను. ఫిల్టర్‌లోని స్పాంజ్‌ను నల్లా కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండాను. కొత్త నీళ్లు పోస్తే తొట్టి అద్దంలా మెరిసింది. రెండు రోజులు బాగానే ఉన్నాయి. మూడో రోజు నుంచి పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఐదో రోజుకు నాలుగు చచ్చిపోయాయి. అంతకుముందు ఎనిమిది నెలలు ఆ మురికిలోనే హాయిగా తిరిగాయి. బాబు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేను చేసిన తప్పేంటి?
— ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఈ తప్పు నేనూ చేశాను, అదీ సర్కారు జీతం తీసుకుంటూ.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. మర్నాడు ఇన్‌స్పెక్షన్ అన్నారు. ల్యాబ్‌లో మూడడుగుల తొట్టి, అందులో ఏంజెల్స్, గౌరామీలు, నల్ల మోలీలు కలిపి పద్నాలుగు చేపలు. నాచు పట్టి అద్దం వెనక ఏముందో కనబడటం లేదు. సాయంత్రం అందరూ వెళ్లాక ఒక్కణ్నే కూర్చుని బ్లీచింగ్ పొడితో రుద్ది రుద్ది కడిగాను. రాత్రి తొమ్మిదింటికి నింపి, చేపల్ని వేసి, గొప్ప పని చేశాననుకుంటూ ఇంటికెళ్లాను. పొద్దున తలుపు తీస్తే పద్నాలుగూ వెల్లకిలా తేలుతున్నాయి. గబగబా ఏరి పడేశాను. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన ఖాళీ తొట్టి చూసి, "చాలా నీట్‌గా ఉంచారే" అని మెచ్చుకుని పోయాడు.

మీ చేపలు, నా చేపలు రెండూ కడగడం వల్లే పోయాయి కానీ, పోయిన కారణం ఒకటి కాదు. ఎప్పుడు పోయాయో చూస్తే ఎందుకు పోయాయో చాలావరకు తెలుస్తుంది. కడిగిన కొన్ని గంటల్లో పోతే అది క్లోరినో, సబ్బో, లేకపోతే చల్లనీళ్లలోంచి వేడినీళ్లలోకి ఒక్కసారిగా వేయడమో. నావి అలా క్లోరిన్‌కు పోయాయి. రెండు రోజులు బాగుండి మూడో రోజు నుంచి పైకి తేలడం మొదలైందంటే అది అమోనియా. మీవి దానికే పోయాయి.

చేప తిన్నదాంట్లోంచి పుట్టే అమోనియా చాలావరకు దాని మొప్పల్లోంచే నీటిలోకి వస్తుంది. మిగిలిన మేత, రెట్ట కుళ్లినా అదే వస్తుంది. మేకల కొట్టంలోకి వెళ్తే ముక్కు మండిస్తుందే, అదే సరుకు. చెరువులో అయితే చేపకు ఎకరాల నీళ్లు. మీ తొట్టిలో యాభై లీటర్లు. ఆ అమోనియాను తినేసే సూక్ష్మజీవులు స్పాంజ్‌కూ, రాళ్లకూ, అద్దానికీ అంటుకుని బతుకుతాయి. ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంచెం పేరుకున్నా చేప తట్టుకుంటుంది. ఎనిమిది నెలల మురికిలో మీ చేపలు బతికింది వీటి పుణ్యాన.

అన్నం పాచిపోయేటప్పుడు పెరిగే సూక్ష్మజీవులు అరగంటకోసారి రెట్టింపవుతాయి. ఇవి అలా కాదు, రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు తీసుకుంటాయి. కొత్త తొట్టిలో సరిపడా పెరగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు. మీరు స్పాంజ్ తెల్లగా పిండి, రాళ్లను సబ్బుపొడిలో నానబెట్టి, ఎండలో పోసిన రోజు ఆరు వారాల పంట ఒక్క పూటలో పోయింది. అద్దంలా మెరిసే నీళ్లలో ఆరు చేపలు రోజూ అమోనియా వదులుతున్నాయి, తినేవాళ్లు లేరు. మూడో రోజుకు నిండిపోయింది.

పాలు తోడుపెట్టే గిన్నెలో అడుగున కాస్త పెరుగు మిగుల్చుకుంటాం కదమ్మా? గిన్నె మురికిగా ఉందని ఆ పెరుగు కూడా కడిగి పారబోసి, మళ్లీ పాలు పోసి పొద్దున్నే పెరుగేదని వెతికితే ఎలా? ఆ గోధుమరంగు స్పాంజే మీ తొట్టికి తోడు.

మిగిలిన రెండింటి సంగతి చూద్దాం. రెండు వారాల పాటు రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ పోయిన నీళ్లతో. మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంతే. మీకు తెలిసినవాళ్లింట్లో ఏడాదిగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లోంచి ఒక మురికి స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోండి. తడి ఆరకుండా వాళ్ల తొట్టి నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. అచ్చం పక్కింట్లో తోడు అడిగి తెచ్చుకున్నట్టే. ఇక్కడ నేను చూసినంతలో ఇంతకంటే బాగా పనిచేసేది ఏదీ లేదు. అమోనియా చూసే టెస్ట్ కిట్ అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది, ఒకటి కొనండి. సున్నా చూపించేదాకా కొత్త చేపలు తేవద్దు.

ఇంకో మాట. గోల్డ్‌ఫిష్ జానెడు దాకా పెరుగుతుంది. రెండడుగుల తొట్టిలో ఆరు ఎక్కువే, రెండుంటే చాలు. బాబుకు ఇదంతా మీరే చదివి వినిపించండి. ఇది రాసిన తాత కూడా పద్నాలుగు చేపల్ని చంపాడట అని చెప్పండి, కోపం తగ్గొచ్చు.

ప్రశ్న: అంకుల్, నీళ్లు మొత్తం మార్చొద్దంటారు. మరి ఎంత మార్చాలి? రాళ్ల మధ్యలో చెత్త ఎలా తీయాలి? షాపులో ఏదో పంపు చూపించారు, ధర చెప్పగానే వచ్చేశాను.
— డిగ్రీ విద్యార్థి, వనపర్తి

జవాబు: మంచి పని చేశావు బిడ్డా. పంపు అక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి మేస్త్రీలు వాడే లెవల్ పైపు అడుగు. లోపల నీళ్లు కనబడే పైపు, అర అంగుళంది, రెండు మీటర్లు చాలు. సిమెంటు అంటిన పాతది మాత్రం తెచ్చుకోకు. కొత్తదే కావాలి.

వనపర్తివాడివి కాబట్టి సైఫన్ సంగతి నీకు చెప్పక్కర్లేదు అనుకుంటా. సరళాసాగర్ చూసే ఉంటావు. 1950ల్లో కట్టిన ప్రాజెక్టు అది. నీళ్లు ఒక మట్టం దాటగానే సైఫన్లు ఎవరూ తెరవకుండా వాటంతట అవే పని మొదలుపెడతాయి. నీ లెవల్ పైపు చేసేదీ ఆ పనే. పైపు నిండా నీళ్లు పట్టి, రెండు కొనలూ బొటనవేళ్లతో మూసి, ఒక కొన తొట్టిలో ముంచు, రెండోది నేల మీది బకెట్లో పెట్టు. వేళ్లు తీస్తే నీళ్లు వాటంతట అవే దిగుతాయి. బకెట్ తొట్టి కంటే కింద ఉండాలి, అంతే. నోటితో పీల్చేవాళ్లున్నారు, నేనూ పీల్చాను, ఒకసారి రెట్ట నీళ్లు మింగాక మానేశాను.

ఎంత తీయాలో లెక్క చెప్తాను. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి అంటే 56. రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45, 50 లీటర్ల నీళ్లు. అందులో పావు వంతు పన్నెండు లీటర్లు, అంటే ఒక బకెట్. వారానికి ఒక బకెట్. ఇంతే పని, గట్టిగా ఇరవై నిమిషాలు. నెలకు ఒకసారి నాలుగు బకెట్లు తీస్తానంటే లెక్క సరిపోతుంది కానీ చేపకు సరిపోదు.

చేపల్ని తీయకు. జాలీతో పట్టి బకెట్లో వేయడమే వాటికి సగం టెన్షన్. ఒంటి మీది జిగురు పొర ఊడుతుంది, రోగాలు అక్కడి నుంచే పట్టుకుంటాయి. అవి అందులో ఉండగానే పైపు కొనను రాళ్లలోకి అంగుళం దాకా గుచ్చుతూ జరుపు. చెత్త పైపులోంచి పోవడం కళ్లతో కనబడుతుంది. లెవల్ పైపే ఎందుకు చెప్పానో అప్పుడు తెలుస్తుంది. రాళ్లు పైకి వస్తుంటే పైపును వేలితో కాస్త నొక్కు, రాళ్లు కిందపడిపోతాయి. ఈ వారం తొట్టిలో ఒక సగం, వచ్చే వారం ఇంకో సగం. ఒకేరోజు మొత్తం కెలకొద్దు.

ఆ తీసిన బకెట్ నీళ్లు పారబోయకు. స్పాంజ్‌ను ఆ నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా పిండు. నల్లా కింద కాదు. నీళ్లు దిగేంత శుభ్రమైతే చాలు, రంగు పోనక్కర్లేదు. ప్లాస్టిక్ చెట్లు, బొమ్మలు కూడా ఆ బకెట్లోనే పాత పళ్ల బ్రష్‌తో రుద్దు. అద్దం మీది నాచుకు పనికిరాని ఏటీఎం కార్డు బాగా పనిచేస్తుంది. నాచు మళ్లీ మళ్లీ వస్తుంటే తొట్టి మీద ఎండ పడుతోందేమో, లైటు రాత్రంతా వెలుగుతోందేమో చూడు. రోజుకు ఎనిమిది గంటల వెలుతురు చాలు. ఇవన్నీ అయ్యాక ఆ నీళ్లు మీ అమ్మ పెంచే చెట్లకు పొయ్యి. మా ఇంటి గులాబీ ఇరవై ఏళ్లుగా ఆ నీళ్లే తాగుతోంది.

కొత్త నీళ్లు పోసేముందు క్లోరిన్ సంగతి. తాగే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం. మనల్ని విరేచనాల నుంచి కాపాడే ఆ కాస్తే చేప మొప్పల్ని కాలుస్తుంది. వెడల్పు మూతి బకెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరుంటే షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, సీసా మీద రాసినంత వేయి. అందులో ఉండేది సాధారణంగా సోడియం థయోసల్ఫేట్. పాత ఫొటో స్టూడియోల్లో ఫొటోలు కడగడానికి 'హైపో' అని వాడేవారే, అదే. మా రోజుల్లో ఈ చుక్కలు ఎక్కడివి, ప్రకాశం బజారులోని ఫొటో స్టూడియో ఆయన దగ్గర కాగితంలో చిటికెడు పొట్లం కట్టించుకొచ్చేవాణ్ని.

ప్రశ్న: మాది మునుగోడు వైపు పల్లె. ఫ్లోరైడ్ భయంతో తాగడానికి క్యాన్ నీళ్లే కొంటాం. చేపలకు బోరు నీళ్లు పోయడానికి మనసొప్పక వాటికీ క్యాన్ నీళ్లే పోస్తున్నాం. అయినా రెండు నెలలకోసారి ఒకటి చొప్పున చస్తున్నాయి. నీళ్లు తెల్లగా మసకగా కూడా అవుతున్నాయి. మా అత్తమ్మ కుండలో చిల్లగింజ అరగదీసినట్టు పటిక వేయమంటోంది. వేయొచ్చా?
— టైలర్, మునుగోడు మండలం

జవాబు: అన్నా, ముందు పటిక సంగతి. వేయొద్దు. మన కుండలో పటిక వేసి తేర్చుకుని పైనీళ్లు తాగుతాం. చేప అలా పైనీళ్లలో మాత్రమే ఉండలేదు కదా. పటికలోని అల్యూమినియం మొప్పలకు అంటుకుంటుంది, నీళ్ల పులుపు కూడా పెరుగుతుంది. మన జిల్లాలో పటికకు మంచి పేరుంది, ఒప్పుకుంటాను. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు. అది మనుషుల తాగునీటికి. చేపల తొట్టికి కాదు. తొట్టిలో ఆ తెల్లని మసక మామూలుగా సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరగడం వల్ల వస్తుంది. మేత ఎక్కువైనప్పుడో, తొట్టి మొత్తం కడిగినప్పుడో కనబడుతుంది. మేత సగానికి తగ్గించి నాలుగు రోజులు చెయ్యి పెట్టకుండా ఉండండి, దానంతటదే తేరుకుంటుంది. చెయ్యి పెట్టకుండా ఉండటమే కష్టం, తెలుసు.

ఇక క్యాన్ నీళ్లు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా పర్వాలేదనీ మన దేశపు ప్రమాణం. ఆ గీత దాటిన నీళ్లు తాగి వంగిపోయిన మోకాళ్లు, నడుములు మీ ఊరి వైపు ప్రతి వీధిలో చూసినవాళ్లం. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ క్యాన్ నీళ్లను శుద్ధి చేసే ఆర్‌వో మెషీన్ ఫ్లోరైడ్‌తో పాటు నీటిలోని ఉప్పుల్ని, ఖనిజాల్ని దాదాపు అన్నిటినీ తీసేస్తుంది. చేపకు కావాల్సిన లవణాలు కొన్ని నీటిలోంచే మొప్పల ద్వారా అందుతాయి. అవి లేని నీళ్లలో దాని ఒళ్లు రాత్రింబగళ్లు కష్టపడుతూనే ఉంటుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అమోనియాను మార్చే క్రమంలో నీళ్లు మెల్లమెల్లగా పులుపెక్కుతాయి. బోరు నీళ్లలోని క్షారం దాన్ని ఆపుతుంది, ఆర్‌వో నీళ్లలో ఆపేది ఏమీ లేదు. నెమ్మదిగా చేపలు నీరసించి ఒక్కొక్కటే పోతున్నాయంటే నా అనుమానం దీనిమీదే.

అలాగని రేపు ఒక్కసారిగా బోరు నీళ్లు గుమ్మరించకండి. అది ఇంకా ప్రమాదం. అమోనియా పులుపు నీళ్లలో అంతగా బాధించదు, క్షారపు నీళ్లలో అదే అమోనియా చాలా రెట్లు విషమవుతుంది. ఆరు నెలలు ముట్టుకోని తొట్టిలో ఒక్కరోజే సగం బోరు నీళ్లు పోస్తే చేపలు గంటల్లో పోవడం నేను రెండిళ్లలో చూశాను. ఇద్దరూ "శుభ్రం చేశాకే చచ్చాయి, చేయకపోతే బతికేవి" అనే తీర్మానానికి వచ్చి మళ్లీ కడగడమే మానేశారు.

మీకు మిషన్ భగీరథ నల్లా వస్తుంటే ఆ కృష్ణా నీళ్లు మేలు, క్లోరిన్ పోగొట్టి పోయండి. రాకపోతే క్యాన్ నీళ్లు, బోరు నీళ్లు సగం సగం కలపండి. మొదటి వారం మూడు చెంబులు, తర్వాతి వారం ఐదు, అలా అలవాటు చేస్తూ రండి. ఎండాకాలం తొట్టిలో నీళ్లు ఎగిరిపోయి మట్టం తగ్గితే మాత్రం ఆ తగ్గినంత వరకు ఉట్టి క్యాన్ నీళ్లే పోయండి. ఎగిరేది నీళ్లు, ఉప్పులు అక్కడే మిగులుతాయి కాబట్టి. నీళ్ల గీత దగ్గర అద్దం మీద పట్టే తెల్లని పొక్కు ఆ ఉప్పులే. నీళ్లు మార్చే రోజు మట్టం తగ్గినప్పుడు నకిరేకల్ నిమ్మకాయ ఒక చెక్కతో రుద్ది, తడిబట్టతో రెండుసార్లు తుడవండి. రసం కింది నీళ్లలోకి కారనివ్వొద్దు.

ఇంత తంటా ఎందుకనుకుంటే గప్పీలు, మోలీలు పెంచుకోండి. మన బోరు నీళ్లలాంటి గట్టినీళ్లంటే వాటికి ఇష్టం.

ప్రశ్న: కొర్రమట్ట బురదలో కూడా బతుకుతుంది కదా అన్నా. అక్వేరియంలో రెండు కొర్రమట్ట పిల్లల్ని వేస్తే ఇక కడగక్కర్లేదని మా దోస్తు అంటున్నాడు. ఇప్పుడున్న గోల్డ్‌ఫిష్‌లతో కలిపి వేయొచ్చా?
— ఆటో డ్రైవర్, దేవరకొండ

జవాబు: వేయొచ్చు తమ్ముడూ, శుభ్రం కూడా చేస్తుంది. ముందు మీ గోల్డ్‌ఫిష్‌లను.

అది మన రాష్ట్ర చేప, గౌరవం ఇవ్వాలి. పైకొచ్చి గాలి పీల్చగలదు కాబట్టి ఆక్సిజన్ తక్కువైన బురదలో బతుకుతుంది. అంతే కానీ తన రెట్ట తాను ఎత్తిపోయదు. పైగా మూత లేకపోతే అర్ధరాత్రి మీ హాల్లో గెంతుతుంది.

ప్రశ్న: మే నెలలో పొద్దున కరెంటు పోతే మధ్యాహ్నం వస్తుంది. ఎండ 44, 45 డిగ్రీలు. ఆ రోజుల్లో నీళ్లు మార్చాలా, వద్దా? పోయినేడు ట్యాంకీ నీళ్లు పోసిన అరగంటకే మూడు పోయాయి.
— కిరాణా కొట్టు యజమాని, కోదాడ

జవాబు: ఆ నల్లటి ట్యాంకీలోంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లతో మనమే స్నానం చేయలేం, చేప ఏం చేస్తుంది? ఎండాకాలం నీళ్లు మార్చాలి, కానీ తెల్లవారుజామున. సంపులోంచి ముందురోజు సాయంత్రమే బకెట్లో పట్టి నీడలో పెట్టుకోండి. చెయ్యి ఒకటి తొట్టిలో, ఒకటి బకెట్లో పెట్టి చూస్తే తేడా తెలియకూడదు. చెంబుతో కొంచెం కొంచెం పోయండి.

నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 35 దగ్గర 7 కూడా పట్టవు. మూత తీసి పైన దోమతెర గుడ్డ కట్టి, టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీద పడేలా పెట్టండి. రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు లేనప్పుడు మగ్గుతో నీళ్లు తోడి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండండి, గంటకు ఐదు నిమిషాలు. దుకాణంలో బేరం లేనప్పుడు చేసే పనే. ఐసు ముక్కలు వేయొద్దు. ఐసు కట్టిన నీళ్ల బాటిల్ మూతతోనే తేలనివ్వండి.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది. నాలుగైదు గంటలు ఆగిన ఫిల్టర్ కరెంటు రాగానే లోపల కుళ్లిన నీళ్లన్నీ తొట్టిలోకి చిమ్ముతుంది. ముందు స్విచ్ ఆపేసి, స్పాంజ్‌ను తొట్టి నీళ్లలో పిండి, అప్పుడు పెట్టండి. కరెంటు లేని రోజు మేత కూడా వద్దు. ఒక రోజు తినకపోతే చేపకు ఏమీ కాదు, కొట్టులో ఉన్న మరమరాలు అసలే వేయొద్దు.

ప్రశ్న: ఇంట్లో దోమల మందు కొట్టినప్పుడు తొట్టికి మూత పెడితే చాలా?
— గద్వాల

జవాబు: చాలదు. ఆ మందుల్లో ఎక్కువగా ఉండే పైరిథ్రాయిడ్లు మనకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది కాబట్టి మూత పెట్టినా లాభం లేదు. పంపు ఆపి, తొట్టి మీద తడి దుప్పటి కప్పి, గాలి పూర్తిగా పోయాక తీయండి. ఆ గదిలో కొట్టకపోతే ఇంకా మేలు. ఫినాయిల్ బట్ట తుడిచిన చేత్తో తొట్టి ముట్టుకోవడం కూడా ఇదే లెక్క. తొట్టికి ఒక బకెట్, ఒక మగ్గు, ఒక బట్ట విడిగా పెట్టుకోండి. వాటి మీద పెయింటుతో చేప బొమ్మ వేసి పెట్టండి. మా ఇంట్లో అలా రాసిన బకెట్‌నే మా కోడలు ఒకసారి బట్టలు నానబెట్టడానికి తీసుకుంది, అది వేరే కథ.

ప్రశ్న: తొట్టి శుభ్రం చేస్తుందని షాపులో చెప్తే రెండేళ్ల కింద వేలెడు సక్కర్ ఫిష్ తెచ్చాను. ఇప్పుడు అడుగు దాటింది. అద్దాలు నాకడం మానేసింది, రాత్రిళ్లు రాళ్లు కుళ్లగిస్తోంది, దాని రెట్టకే నీళ్లు మురికవుతున్నాయి. పాపం చంపలేను. ఊరి చెరువులో వదిలేద్దామనుకుంటున్నాను, హాయిగా బతుకుతుంది కదా?
— టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: హాయిగా బతుకుతుంది మేడం, అదే గొడవ.

అది దక్షిణ అమెరికా నదుల చేప. ఒంటి మీద పెంకులాంటి పొలుసులు, వీపు మీద ముల్లు. ఇక్కడి పెద్ద చేపలు కూడా దాన్ని మింగడానికి జంకుతాయి. గట్టు మట్టిలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మిగతా చేపల గుడ్లు, మేత నాకేస్తుంది. దాన్ని జాలర్లు 'దెయ్యం చేప' అంటున్నారు. వలలో పడితే వల చిరుగుతుంది, అమ్ముదామంటే కొనేవాడు లేడు. చెరువు మీద బతికే ముదిరాజులు, బెస్తలు మీ ఊళ్లోనూ ఉంటారు. మీ చేప బతకడానికి వాళ్ల నోటి దగ్గరి కూడు పోతుంది. చెరువులో వద్దు, కాలువలో వద్దు, గుడి కోనేట్లో కూడా వద్దు.

చిన్నప్పుడు అది నాచు తింటుందన్న మాట నిజమే. పెద్దయ్యాక అడుగున పడ్డ మేతకు మరుగుతుంది. తిన్నదానికి తగ్గట్టు రెట్ట వేస్తుంది. తొట్టిని శుభ్రం చేసే చేప అని అమ్మేది చివరికి అందరికంటే ఎక్కువ మురికి చేసేది కావడం ఈ వ్యాపారంలో నాకు నచ్చని సంగతి. షాపుల వాళ్లు అది ఎంత పెరుగుతుందో ముందే చెప్పాలి, చెప్పరు.

కొన్నచోటే తిరిగి తీసుకుంటారేమో ముందు అడగండి. పెద్ద తొట్టి ఉన్న హోటలో, స్కూలో ఉంటే వాళ్లను అడగండి. తీసుకెళ్లేటప్పుడు జాలీ వాడొద్దు, దాని ముళ్లు చిక్కుకుంటాయి. మూత ఉన్న బకెట్లోకి తొట్టి నీళ్లతోనే తోలండి. ఎవరూ తీసుకోకపోతే సెలవుల్లో నల్లగొండకు తీసుకురండి. నా దగ్గర నాలుగడుగుల తొట్టి ఒకటి ఖాళీగానే ఉంది. అందులో ఇదివరకు ఇలాంటివి రెండు ఉండేవి, పోయినేడే ముసలివై పోయాయి. స్పాంజ్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది, తడి ఆరనివ్వలేదు.